గోమార్గావరోధ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

రాయ్‌పూర్ సీమకు వ్యాఖ్యానం కొత్త కాదు. ఈ జిల్లాలోని చంపారణ్‌లోనే 1479లో, కాశీ విడిచి వస్తున్న తెలుగు దంపతులకు వల్లభాచార్యులు జన్మించారని సంప్రదాయం. బ్రహ్మసూత్రాలకు అణుభాష్యం, భాగవతానికి సుబోధిని రాసిన మహానుభావుడాయన. ఆ తరువాత నాలుగున్నర శతాబ్దాలకు, 1931లో, విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయింది. ఉద్యోగానికో వ్యాపారానికో ఆ బండెక్కి వచ్చిన మనవాళ్ళ సామానులో ఆవకాయ జాడీ పక్కన పద్యం పిచ్చి కూడా ఉంది. ప్రస్తుత పద్యం ఆ సామానులోదే. కర్త అజ్ఞాతుడు. రాయ్‌పూర్ జీఈ రోడ్డు మీద కదలని బస్సులో, కిటికీ పక్క సీటులో చెప్పి ఉంటాడని మా ఊహ. నిలబడి ప్రయాణించేవాడికి యతి కుదరదు.

మూలంలో లేనిది రాయనని మల్లినాథ సూరి వ్రతం పట్టాడు. ఆయన కాలంలో రోడ్లు ఖాళీగా ఉండేవి. మాకంత నిగ్రహం లేదు.

మూలం

రోడ్డు నడుమ గోవు రొదలు లెక్కింపక
నెమరు వేయ నాగి నిలిచె బండ్లు
మనిషి కొక్క చీటి మరునాడు వచ్చెను
కట్టు దండుగనుచు; ఘనుడ వీవె

ప్రతిపదార్థం

రోడ్డు నడుమ = రెండు వైపులా రాకపోకలు సాగవలసిన చోట; గోవు = ఆవు (ఉపలక్షణం చేత ఎద్దు, ఆబోతు, దూడ కూడా గ్రాహ్యాలు); రొదలు = హారన్లు, ఈలలు, తిట్లు అనే త్రివిధ ధ్వనులు; లెక్కింపక = చెవి కూడా ఆడించకుండా; నెమరు వేయన్ = పొద్దున మేసినదాన్ని తీరిగ్గా మళ్ళీ నములుతూ ఉండగా; బండ్లు = స్కూటీ మొదలు బొగ్గు లారీ దాకా; ఆగి, నిలిచెన్ = ముందు ఆగాయి, ఆపైన నిలిచిపోయాయి (ఆగడం బ్రేకు పని, నిలవడం ప్రాప్తం); మనిషికి = సదరు పశువు యజమానికి; ఒక్క చీటి = నోటీసు; మరునాడు వచ్చెను = తెల్లారేసరికి చేరింది (సర్కారీ కాగితం మరునాడే రావడం అతిశయోక్తి అలంకారం); దండుగ కట్టు అనుచు = జరిమానా చెల్లించమని చెబుతూ; ఈవె = నీవే; ఘనుడవు = గొప్పవాడవు సుమా.

తాత్పర్యం

ఆవు అడ్డం పడుకుంది. బండ్లు ఆగాయి. తప్పు చేసిన ఆవును ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ లేని మనిషికి జరిమానా పడింది. కాబట్టి మనిషే గొప్పవాడు.

పైకి ఎకసెక్కంగా కనిపించే ఈ ‘కాబట్టి’లోనే పద్యం ప్రాణం ఉంది. దాన్ని నిలబెట్టడానికే ఈ శ్రమ.

విశేషాలు

గోవు రోడ్డునే ఎందుకు ఎంచుకుంది? వానాకాలంలో పొలమంతా వరి, పొలం కానిదంతా బురద. తారు రోడ్డు ఒక్కటే పొడిగా, కాస్త వెచ్చగా ఉంటుంది. బండ్లు విసిరే గాలికి జోరీగలు నిలవవు. ఆ చోట అంతకన్నా తెలివైన నిర్ణయం మనిషైనా చేయలేడు. నాట్లయ్యాక పశువులను కట్టడి చేసే ఆచారాన్ని ఛత్తీస్‌గఢీలో ‘రోకా ఛేకా’ అంటారు. పల్లెలో అది ఇంకా ఎంతో కొంత సాగుతుంది. పట్నంలో మాత్రం పొద్దున్నే పాలు పితుక్కుని, గిన్నె లోపల పెట్టుకుని, ఆవును గేటు బయటికి తోలి గొళ్ళెం వేసుకునే యజమానులకు కొదవ లేదు.

దగ్గరికి వెళ్ళి చూస్తే దాని చెవికి పసుపుపచ్చ ట్యాగు. దాని మీద పన్నెండు అంకెల సంఖ్య. మన ఆధార్‌కూ పన్నెండు అంకెలే. ఈ సమానత్వం చూసి మనిషి ఉలిక్కిపడనక్కర లేదు. ఆవు సంఖ్యను నమోదు పుస్తకంలో వెతికితే చివరికి తేలేది ఒక మనిషి పేరే.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం వేరొకచోట. పడుకున్నది గోవు, నిద్ర పట్టనిది యజమానికి.

పూర్వపక్షం

మనిషి శ్రేష్ఠత్వానికి లోకం చెప్పే ఆధారాలు వేరే ఉన్నాయి కదా, ఈ జరిమానా ఆధారమేమిటి అని ఆక్షేపం. ఆ ఆధారాలను ఒక్కొక్కటే చూద్దాం.

పనిముట్టు. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో, చింపాంజీ గడ్డిపరకను చెదపుట్టలో దూర్చి, అంటుకున్న చెదలను నాకడం జేన్ గుడాల్ చూసింది. అంతదూరం దేనికి? బస్తర్ సంతలో ఆకు దొన్నెలో పోసి అమ్మే ‘చాప్‌డా’ ఎర్రచీమలను అడగండి. అవి చెట్టు మీద ఆకులను దగ్గరికి లాగి, తమ లార్వాలను నోట పట్టుకుని, ఆ లార్వాలు వదిలే పట్టుదారంతో కుట్లు వేసి గూడు కడతాయి. మగ్గం ఉంది, నాడె ఉంది, బాలకార్మిక వ్యవస్థ కూడా ఉంది. మనకు మిగిలింది ఆ చీమలను నూరి పచ్చడి చేసుకోవడమే.

జ్ఞాపకశక్తి. 2007లో క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు వెల్లడించిన పరీక్షలో, తెర మీద క్షణకాలం కనిపించి మాయమైన అంకెల చోట్లను ఆయుము అనే చింపాంజీ వరసగా తాకి చూపించి, పోటీకి కూర్చున్న విద్యార్థులను ఓడించింది. తగినంత సాధన చేస్తే మనిషీ అందుకోగలడని తరువాత కొందరు నిరూపించారు. కోతితో సమానం కావడానికి కోచింగ్ కావాలని దీని తాత్పర్యం.

వాక్కు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి బస్తర్ కొండమైనా. మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు పలుకుతుంది. అర్థం తెలియకుండా పలుకుతుందంటారా? ఆ నియమం పెడితే సభల్లో వేదికలు ఖాళీ అవుతాయి.

విలువ. 2020 జులై 20న, హరేలీ పండుగ నాడు, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గోధన్ న్యాయ్ యోజన మొదలుపెట్టి కిలో పేడ రెండు రూపాయలకు కొన్నది. 2022 జులై 28 నుంచి గోమూత్రానికి లీటరు నాలుగు రూపాయలు ఇచ్చింది. ఆ మధ్యలో, 2022 మార్చి 9న, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పేడతో చేసిన పెట్టెలో బడ్జెట్ పత్రాలు పెట్టుకుని శాసనసభకు వచ్చారు. ఆ పెట్టె చేసింది రాయ్‌పూర్ స్వయం సహాయక బృందం మహిళలు. ప్రభుత్వం మారాక పథకం ఆగింది కానీ రేటు రికార్డులో ఉండిపోయింది. మనిషి విసర్జించినదానికి ఆ పథకం ధర కట్టలేదు. పైగా సెప్టిక్ ట్యాంకు బండివాడికి మనమే ఎదురిస్తాం.

ఇలా నాలుగు ఆధారాలూ వీగిపోయాయి. ఇక మిగిలింది చీటీ.

సిద్ధాంతం

1871లో రెండు విషయాలు జరిగాయి. లండన్‌లో డార్విన్ మనిషి పుట్టుక గురించి గ్రంథం వెలువరించి, మనసు విషయంలో మనిషికీ పై తరగతి జంతువులకూ ఉన్నది పాళ్ళలో తేడాయే కానీ జాతిలో తేడా కాదన్నాడు. అదే ఏడు మన దేశంలో పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. ఆ చట్టం లెక్కలో పశువంటే ఆవూ గేదే మాత్రమే కావు. ఏనుగు, ఒంటె, గుర్రం, గాడిద, పంది, మేకపిల్ల అన్నీ పశువులే. పరుల చేను మేస్తే వాటిని బందెలదొడ్డికి తోలాలి. రాయ్‌పూర్‌లో దాన్ని కాంజీ హౌస్ అంటారు. లోపల ఉన్నన్నాళ్ళు మేతా నీళ్ళూ పెట్టాలి. డబ్బు మాత్రం మనిషి కట్టి విడిపించుకోవాలి. డార్విన్ కలిపేసిన గీతను అదే ఏడు గుమాస్తా ఒకడు రసీదు పుస్తకంలో మళ్ళీ గీశాడు. గీతకు ఇటు ఉన్నవాడు కట్టాలి, అటు ఉన్నది మెయ్యాలి.

ఈ గీతను చెరిపే ప్రయత్నం లోకంలో జరగకపోలేదు. 1386లో ఫ్రాన్స్‌లోని ఫలేజ్ పట్టణంలో, పసివాణ్ణి చంపిన నేరానికి ఒక ఆడపందిని విచారించి ఉరి తీశారు. పంది వాఙ్మూలం ఏమిచ్చిందో చరిత్రకు అందలేదు. అలాంటి తీర్పుల వల్ల తరువాతి పందుల నడవడి మెరుగైన దాఖలా కూడా లేదు. ఆ దారి గిట్టుబాటు కాలేదు. ఇప్పుడు రోడ్ల మీద పశువుల సంగతి విచారణకు వచ్చినప్పుడు, బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అఫిడవిట్ అడిగింది అధికారులనే. పశువులకు సమన్లు వెళ్ళలేదు.

కనుక సిద్ధాంతం ఇది. సంజాయిషీ అడగదగిన జీవి మనిషి. ఆ అడగడంలోనే మర్యాద ఉంది. ఆవును ఎవరూ ‘ఇలా చేయవచ్చా’ అని నిలదీయరు, అదిలిస్తారు. మనిషిని నిలదీస్తారు. నిలదీయడమంటే ‘నువ్వు ఇంకోలా చేయగలవు’ అని నమ్మడం.

శంక, సమాధానం

శంక: చంటిపిల్లవాడికి నోటీసు రాదు. మతి తప్పిన ముసలాయనకూ రాదు. వాళ్ళు తక్కువవాళ్ళా?

సమాధానం: శంక గట్టిది. పద్యం మళ్ళీ చదవాలి. అక్కడ మనిషి కట్టింది తన తప్పుకు మాత్రమే కాదు, నోరులేనిదాని తరఫున. పిల్లవాడు పక్కింటి అద్దం పగలగొడితే తల్లి వెళ్ళి ‘మా వాడే వదినా, డబ్బులిచ్చేస్తాను’ అంటుంది. చెప్పుకోలేనివాళ్ళ వంతు చెప్పగలవాళ్ళు చెబుతారు. ఘనత ఒక్కొక్కడి నుదుటా అచ్చుపోసిన ముద్ర కాదు, ఇంకొకరి చీటీ తాను అందుకోవడం. ఏనుగు తన మందలో గున్న కోసం నిలబడుతుంది, అంతవరకూ దానికీ వాటా ఉంది. కానీ తాను తిన్న మేక సంగతి చిరుతను అడగలేం. అడిగినా అది చెప్పదు.

ఉదాహరణం

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానపు మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో ఒక రాత్రి మూడు చీతాలను కాల్చాడు. మన దేశపు చివరి చీతాలు అవేనని చెబుతారు. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ రాత్రికి మరునాడు చీటీ రాలేదు. డెబ్భై అయిదేళ్ళకు వచ్చింది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు. కాల్చినవాడొకడు, కట్టినవాడింకొకడు. రాష్ట్ర జంతువైన అడవి గేదె సంగతీ అంతే. మనవల్లే కరువైపోయిన ఆ జాతి కోసం, ఉదంతి అడవిలోని ‘ఆశ’ అనే గేదె కణాల నుంచి 2014లో కర్నాల్‌లో క్లోనింగ్ చేసి ‘దీపాశ’ను పుట్టించారు. తరువాత దాన్ని రాయ్‌పూర్ జంగిల్ సఫారీకి తెచ్చారు. ఈ బకాయిలు ఇలా పూర్తిగా తీరుతాయా అంటే తీరవు. అయినా బకాయి ఉందని పుస్తకంలో రాసుకున్న జంతువు మరొకటి లేదు.

పద్యంలోని దండుగ అనే పదానికి జరిమానా అనీ వృథా అనీ రెండర్థాలు. ముందే కట్టడి చేసుకుని ఉంటే రెండోదీ తప్పేది.

పాఠాంతరం

చివరి పాదానికి ‘ఘనుడ నేనె’ అని ఇంకో పాఠం వినిపిస్తోంది. గణాలు సరిపోతాయి, యతి చెడదు. వాహనచోదకులలోనూ, వక్తలలోనూ, జాతులన్నిటిలో తమదే పైజాతి అని సొంతంగా తీర్మానించుకున్నవారిలోనూ దీనికి బహుళ ప్రచారం. అయినా గ్రాహ్యం కాదు. పద్యంలో ఈ మాట అంటున్నది చీటీ, అందుకున్నవాడు కాదు. రసీదు లేకుండా తనకు తాను ఇచ్చుకున్న బిరుదు ఏ రికార్డులోనూ చెల్లదు. చీటీ చింపేసి, గొళ్ళెం వేసుకుని, ఆవును మళ్ళీ వీధిలోకి తోలినవాడికి ‘ఈవె’ పాఠం కూడా వర్తించదు. ఆ పూటకు రోడ్డు మీద ఉన్న రెండు ప్రాణుల్లో పెద్దమనిషి ఆవే.

ఫలశ్రుతి

ఈ పద్యం నిత్యం పఠించేవారికి ట్రాఫిక్ తగ్గదు, హారన్ ఆగదు, పాల ధర దిగదు. పాలు పితికాక పలుపు విప్పకుండా, గాట్లో ఇంత గడ్డి వేసేవారికి మాత్రం రెండో చీటీ రాదు.