దొందూ దొందే బాబాయిగారు

అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం పుచ్చుకున్న తెలుగువారిలో, ముఖ్యంగా డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో, నాలుగేళ్ళకొకసారి విధిగా దర్శనమిచ్చే పెద్దమనిషి ఒకరుంటారు. ఇరుగుపొరుగు పిల్లలకు ఆయన అంకుల్, వాళ్ళ తల్లిదండ్రులకు బాబాయిగారు. అధ్యక్ష పదవికి పోటీపడేవారికి ఆయనెవరో తెలియకపోయినా వారి జాతకాలు మాత్రం ఆయనకు కంఠతా వచ్చు. "ఇద్దర్లో ఎవడూ పనికిరాడయ్యా, దొందూ దొందే" అన్న తీర్పును ఆయన అభ్యర్థులు ఖరారు కాకముందే రాసిపెట్టుకుని, ఖరారైన తరవాత అందులో పేర్లు మాత్రం పూరిస్తారు.

ఈ తీర్పు వెలువడే న్యాయస్థానం సాధారణంగా ఆయన ఇంటి మేడమీది మీడియా రూం, అనగా పెద్ద తెర, వాలు కుర్చీలు అమర్చి సినిమాల కోసం కట్టించుకుని వార్తలకు వాడుకునే గది. 2024 జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్ వాదించుకున్న రాత్రి ఇటువంటి గదులన్నీ మిరపకాయ బజ్జీలతోనూ నిట్టూర్పులతోనూ నిండిపోయాయి. జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నప్పుడు ఇదంతా తాను ముందే చెప్పానని బాబాయిగారు ప్రకటించగా, ఎప్పుడు చెప్పారని అడిగే ధైర్యం పిన్నిగారికి తప్ప ఎవరికీ లేకపోయింది. అయితే ఆ వేసవిలో ఆయన వైరాగ్యానికి చిన్న విఘాతం కలిగింది. ఒక పక్షాన చెన్నై ఆడపడుచు కూతురు కమలా హారిస్ అధ్యక్ష పదవికి నిలబడగా, రెండో పక్షాన ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉషగారి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని తేలేసరికి, దేశం నాశనమైపోతోందన్న మాట రెండు వారాలపాటు ఆయన నోట వినిపించలేదు. ఆ రెండు వారాలూ వడ్లూరు తణుకుకు ఎంత దూరమో, తణుకు తన మేనత్తగారి ఊరికి ఎంత దూరమో లెక్కకట్టడంలో గడిచాయి.

ఆయన ఏకరువు పెట్టే జబ్బుల జాబితాలో తప్పు పట్టవలసింది పెద్దగా లేదన్నది ఒప్పుకోక తప్పదు. అమెరికా ప్రభుత్వపు అప్పు 2024 నవంబరులో 36 ట్రిలియన్ డాలర్లు, మన లెక్కలో 36 లక్షల కోట్ల డాలర్లు, దాటింది. క్షణక్షణానికీ పెరిగే ఆ అంకెను ఆయన భోజనాల బల్ల దగ్గర ఫోనులో తెరిచి అతిథులకు చూపిస్తారు, దానితో రెండోసారి పులిహోర వడ్డించుకోబోయిన చేయి ఆగిపోతుంది. ఉద్యోగులు జీతంలోంచి కట్టే పన్నుతో వృద్ధులకు పింఛను ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పథకపు నిధి 2033 నాటికి అడుగంటుతుందని దాని ధర్మకర్తలే 2024 నివేదికలో రాశారు. పెట్రోలు మీద కేంద్ర ప్రభుత్వం వేసే పన్ను గాలనుకు 18.4 సెంట్ల దగ్గర 1993లో ఆగి, ఈనాటికీ అక్కడే ఉంది. ఉద్యోగాల మీద వచ్చినవారికి ఏడాదికి ఇచ్చే శాశ్వత నివాసపు పత్రాలు, అంటే గ్రీన్ కార్డులు, స్థూలంగా 1,40,000 అనీ, ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతం మించరాదనీ చెప్పే చట్టం 1990 నాటిది. ఈ విషయాల మీద ఇద్దరు అభ్యర్థులూ ఒకరినొకరు తిట్టుకున్న దానిలో పదో వంతయినా మాట్లాడరని ఆయన చేసే ఫిర్యాదు న్యాయమైనదే.

చిక్కల్లా మందు దగ్గర వస్తుంది. బాబాయిగారి చికిత్సా విధానం ప్రకారం దేశం తప్పనిసరిగా త్యాగం చేయాలి, అయితే ఆ త్యాగం ఆయన ఇంటి నంబరు దాటిన తరవాత మొదలుకావాలి. పింఛను వయసు పెంచవలసిందే గాని తనకంటే ఒక్క ఏడాది చిన్నవారి నుంచి పెంచాలి. రోడ్లు బాగుపడాలి గాని పెట్రోలు పన్ను పెరగరాదు, టోలు మాత్రం అసలుండరాదు. గ్రీన్ కార్డుల వరస తాను నిలబడిన రోజుల్లో అన్యాయంగా పొడుగు, ఇప్పుడు మాత్రం "ఈమధ్య వచ్చేవాళ్ళు మరీ ఎక్కువైపోయార"న్న కారణంగా న్యాయంగానే పొడుగు. ఆయన దృష్టిలో అప్పు గురించి నిజం చెప్పిన అభ్యర్థి ఒక్కడే, 1992లో పటాలు పట్టుకుని టీవీలో లెక్కలు వివరించిన డాలస్ వ్యాపారి రాస్ పెరో. పెరోకు దేశంలో దాదాపు 19 శాతం ఓట్లు వచ్చినా అధ్యక్షుణ్ణి నిర్ణయించే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. పెరో చెప్పిన మందులో పెట్రోలు పన్నును గాలనుకు ఏడాదికి 10 సెంట్ల చొప్పున ఐదేళ్ళు పెంచడం కూడా ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, బాబాయిగారు బజ్జీలు చల్లారిపోతున్నాయని హెచ్చరిస్తారు.

పార్టీ పిచ్చి దేశాన్ని రెండుగా చీల్చిందని ఆయన వాపోయే తీరు విన్నవారికి కంట నీరు తిరుగుతుంది. అదే మనిషి తెలుగు సంఘం ఎన్నికలు రాగానే అవతలి ప్యానెల్‌లో ఉన్నవారి ఇంట గృహప్రవేశానికి కూడా వెళ్ళరు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగినప్పుడు, అమెరికా పౌరుడు గనుక తనకు అక్కడ ఓటు లేదని తెలిసి కూడా సెలవు పెట్టుకుని విమానమెక్కారు. తిరిగి వచ్చిన తరవాత సొంత బావమరిదితో మాటలు మానేశారు. అమెరికా రాజకీయాల్లో మధ్యేమార్గం ఎందుకు కరువైందో పరిశోధించదలచినవారికి ఆ బావమరిది మంచి సాక్షి.

ఆయన వాదనలో చివరి అస్త్రం ఓటు విలువ. అమెరికాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా నిర్ణయమయ్యే 538 మంది ఎలక్టర్లు, గెలవడానికి 270 కావాలి. ఇప్పుడు 40 మంది ఎలక్టర్లున్న, ఆయన ఉండే టెక్సాస్‌లో 1980 నుంచి ప్రతిసారీ రిపబ్లికన్లే గెలిచారు, కాబట్టి నవంబరులో తాను ఎటు వేసినా ఒకటేనని ఆయన అంటారు. అది చాలావరకు నిజమే. కాని అప్పు మీదా, పన్ను మీదా, వీసాల మీదా చట్టం చేయవలసింది కాంగ్రెసు. ఖర్చుల బిల్లులన్నిటినీ గడువులోగా 1996 తరవాత మళ్ళీ ఆమోదించని ఆ సభలో తన ప్రతినిధి ఎవరో బాబాయిగారికి తెలియదు. ఆ ప్రతినిధినీ, అధ్యక్ష అభ్యర్థినీ కూడా పార్టీ తరఫున ముందుగా ఖాయం చేసే ఎన్నిక ప్రైమరీ. 2024 మార్చి 5న జరిగిన టెక్సాస్ ప్రైమరీలో నమోదైన ఓటర్లలో ఐదో వంతు కూడా ఓటు వేయలేదు. బాబాయిగారు ఆ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి చేరి, ఫలితాలు టీవీలో ఆసాంతం చూసి, "ఇటువంటివాళ్ళను ఎవరు ఎంపిక చేస్తారో నాకర్థం కాద"ని పిన్నిగారితో అన్నారు.

టెక్సాస్ ప్రైమరీలో ఓటు వేయడానికి పార్టీ సభ్యత్వం అక్కరలేదు. ఓటరుగా నమోదైనవారు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే అడిగి తీసుకోవచ్చు. అక్కడి చట్టం ప్రకారం అది మార్చి నెల మొదటి మంగళవారం, 2028లో 7వ తేదీన వస్తుంది, పోలింగ్ కేంద్రం ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా తెరిచే ఉంటుంది.