తలుపు లేని కొట్టుకి తాళం

2007 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది. విజువల్ ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ భాషకి 9 తర్వాత 10 రాదు, ఇక్కడితో ఆఖరు అని. ఫాక్స్‌ప్రో మీద బతికేవాళ్లు చాలామంది ఆ రోజు తల పట్టుకుని ఉంటారు. నేను మాత్రం సంతోషించాను. అరండల్‌పేటలో ఒక హోటలుకి స్నేహితుణ్ని తీసుకెళ్లి పెసరట్టు, కాఫీ ఇప్పించాను కూడా.

నా లెక్క ఇదీ: ఇకమీదట ఈ విద్య ఎవరూ నేర్చుకోరు. నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే జావాకో, డాట్‌నెట్‌కో పోతారు. దాన్ని వాడే కొట్లు మాత్రం ఎక్కడికీ పోవు. కొన్నేళ్లు ఓపిక పడితే గుంటూరు మొత్తానికి నేనొక్కణ్నే మిగులుతాను. అప్పుడు నేను ఎంతంటే అంత.

ఈ లెక్క నాకు నేర్పింది మా పెద్దమ్మ కొడుకు. కోబాల్ 1959లో పుట్టిన భాష. తొంభైల్లో మేమంతా దాన్ని చూసి నవ్వేవాళ్లం. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000ని 1900 అనుకుంటాయన్న భయం మొదలయ్యేసరికి అమీర్‌పేటలో కోబాల్ బోర్డులు వెలిశాయి. అన్నయ్య నేర్చుకున్నాడు. న్యూజెర్సీ వెళ్లాడు. నవ్విన మేము ఇక్కడే ఉన్నాం. కాబట్టి పాత విద్యని పట్టుకుని కూర్చుంటే ఏదో ఒక రోజు విమానం మన ఇంటి ముందుకే వస్తుందని నాకు రూఢి అయిపోయింది.

కోబాల్ ఉన్నది బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో. నా ఫాక్స్‌ప్రో ఉన్నది ఎండుమిరపకాయల కొట్లలో. హమాలీ దగ్గర రూపాయికి బేరమాడే షావుకారు, పెద్ద బ్యాంకు ఇచ్చినట్టు నాకెందుకు ఇస్తాడు? ఈ చిన్న ప్రశ్న నాకు పదేళ్లపాటు తట్టలేదు.

నా పని గురించి కొంచెం చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో రైతు తెచ్చిన బస్తాని టిక్కీ అంటారు. ఒకే రైతు సరుకులో తేజ కొన్ని, 334 కొన్ని, తాలు కాయలు కొన్ని ఉంటాయి. లాటుకో ధర. కాటా అయ్యాక వచ్చిన మొత్తంలోంచి కమీషను, హమాలీ, కాటా కూలీ తీసేయాలి. రైతు ముందే వాడుకున్న అడ్వాన్సు, దాని వడ్డీ, పురుగుమందుల కొట్టుకి షావుకారు హామీ ఉన్న బాకీ కూడా పోగా చేతికి వచ్చేదెంతో పట్టీ రాసివ్వాలి. గుమాస్తాలు అర్ధరాత్రిదాకా కూర్చుని రాసే ఆ పట్టీలని నా ప్రోగ్రాము దీపాలు పెట్టే వేళకల్లా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద గరగరా కొట్టేసేది. అదీ ఫాక్స్‌ప్రో 2.6లో, డాస్ మీద, నల్లటి తెర ముందు. నిజం చెప్పాలంటే ఈ రోజుకీ ఆ వేగం చూస్తే ముచ్చటేస్తుంది. రష్‌మోర్ అనే ఒక ఉపాయం ఉండేది దాంట్లో. ఇండెక్సు సరిగ్గా వేసి ఉంటే లక్ష రికార్డుల్లోంచి ఒక రైతు ఖాతా రెప్పపాటులో బయటికొచ్చేది. ఒహాయోలోని ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ చేసిన సరుకు అది. 1992లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది.

పట్టీ తెలుగులోనే ఉండాలని, రైతు చదువుకోవాలని ఒక పెద్దాయన పట్టుబట్టాడు. పుణె సీడ్యాక్ వాళ్ల జిస్ట్ కార్డు కొనిపించి ఆయన కంప్యూటర్లో బిగించాను. నల్ల తెర మీద తెలుగు అక్షరాలు రాగానే కొట్లో వాళ్లంతా లేచి వచ్చి చూశారు. ఆ రోజు నుంచి నా నడక మారిందని మా ఆవిడ అంటుంది.

ఇక నా తెలివితేటలు. ఫాక్స్‌ప్రోలో ఫీల్డు పేరు పది అక్షరాలు దాటకూడదు. నేను పది కూడా వాడలేదు. ఎక్స్1, ఎక్స్2, జెడ్‌బీ అని పెట్టేవాణ్ని, ఇంకెవడికీ అర్థం కాకూడదని. సోర్సు కోడు ఎవరికీ ఇచ్చేవాణ్ని కాదు, ఎక్సీ ఫైలు మాత్రమే ఇచ్చేవాణ్ని. పైగా ఒక తేదీ లాకు పెట్టాను. మార్చి 31 దాటగానే ప్రోగ్రాము ఆగి, తెర మీద నా ఫోన్ నంబరు చూపించేది. షావుకారు ఏడాది డబ్బు కట్టాకే తాళం తీసేవాణ్ని. యార్డులో సరుకు ముంచెత్తేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానే. బయట రైతులు పట్టీ కోసం ఎండలో నిలబడి ఉంటే, లోపల తెర మీద నా నంబరు. దీన్ని నేను వ్యాపార దక్షత అనుకున్నాను.

రాష్ట్రం విడిపోయినప్పుడు దక్షత ఇంకా పెరిగింది. 2014 జూన్ 2 తర్వాత వ్యాట్ టిన్ నంబర్ల మొదట్లో ఉన్న 28 పోయి ఆంధ్రకి 37, తెలంగాణకి 36 వచ్చాయి. ఫాక్స్‌ప్రోలో రిప్లేస్ ఆల్ అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాస్తే కొట్లో ఉన్న నంబర్లన్నీ క్షణంలో మారతాయి. నేను ప్రతి కొట్టుకీ వెళ్లి, తలుపేసుకుని, సాయంత్రం దాకా కీబోర్డు టకటకలాడించి, బిల్లు వేశాను. మధ్యలో టీ కూడా తెప్పించుకున్నాను.

అయితే కొట్లు తరుగుతూ వచ్చాయి. పెద్దాయనల చేతిలోంచి వ్యాపారం కొడుకుల చేతికి వచ్చాక కొందరు ట్యాలీకి మారారు. కొత్త కంప్యూటర్లు మరీ వేగమయ్యేసరికి ఫాక్స్‌ప్రో 2.6 తెరుచుకుంటూనే సున్నాతో భాగించానని పడిపోయేది. దానికి ప్యాచ్ వేశాం. తర్వాత వచ్చిన 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రాములని అసలు ముట్టుకోనంది. దానికి డాస్‌బాక్స్ పెట్టి నడిపించాను. ప్రతిసారీ డబ్బు తీసుకున్నాను, ప్రతిసారీ ఒకరిద్దరు పార్టీలని పోగొట్టుకున్నాను. ఈ రెంటికీ సంబంధం ఉందని అనుకోలేదు. 2015 జనవరి 13న విజువల్ ఫాక్స్‌ప్రో 9కి మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా ఆగిపోయింది. నేనింకా దాని అమ్మమ్మ లాంటి 2.6 దగ్గరే ఉన్నాను. విజువల్ ఫాక్స్‌ప్రో పిల్లల ఆట అని నా అభిప్రాయం.

చేతిలో డబ్బు పలచబడ్డాక హైదరాబాదులో ఉద్యోగానికి బయల్దేరాను. రెజ్యూమెలో 'డేటాబేస్ నిపుణుడు' అని రాసుకున్నాను. ఎవరూ పిలవలేదు. 'ఫాక్స్‌ప్రో నిపుణుడు' అని మార్చాను. అప్పుడు కూడా పిలవలేదు. చివరికి తెలిసినవాళ్ల సిఫారసు మీద మాదాపూర్‌లో ఒక కంపెనీకి వెళ్లాను. మా పెద్దమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, ఒకమ్మాయి ఇంటర్వ్యూ చేసింది. చాలా మర్యాదస్తురాలు.

"రైతుల టేబుల్ ఒకటి, అమ్మకాల టేబుల్ ఒకటి ఉన్నాయి సార్. ఒక్కో రైతుకి మొత్తం ఎంత వచ్చిందో తీయాలి. ఎలా రాస్తారు?"

నా రోజువారీ పని అది. బోర్డు నిండా రాశాను. టేబుల్ తెరవడం, ఇండెక్సు పెట్టడం, స్కాన్ మొదలు, రెండో టేబుల్లో వెతకడం, కూడటం, ఎండ్‌స్కాన్. చేతికి సుద్ద అంటలేదు గానీ ఆ తృప్తి కలిగింది. ఆ అమ్మాయి అంతా చదివి, కింద మిగిలిన కాస్త చోటులో సెలెక్ట్‌తో ఒక ఎస్‌క్యూఎల్ వాక్యం రాసింది, చివర్లో గ్రూప్ బై పెట్టి.

నాకు రోషం వచ్చింది. "ఇది మా ఫాక్స్‌ప్రోలోనూ ఉందమ్మా. 1991లో వచ్చిన 2.0 నుంచే ఉంది," అన్నాను.

"మరి ఎందుకు వాడలేదు సార్?"

ఆ ప్రశ్నకి ఇంకా జవాబు వెతుకుతున్నాను. అప్పుడే ఆ నాలుగు వాక్యాలు నేర్చుకుని ఉంటే ఒరాకిల్‌కైనా, ఇంకోదానికైనా సగం దారి అప్పటికే నడిచేసి ఉండేవాణ్ని. ఆమె ఇంకొకటి కూడా అడిగింది: ఎంట్రీ సగంలో ఉండగా కరెంటు పోతే ఏం చేస్తారని. రీఇండెక్స్ చేస్తాం అన్నాను. ఎవరు చేస్తారంది. నేనే అన్నాను. రాత్రి రెండింటికైతే? ఫోన్ చేస్తారు, వెళ్తాను అని గర్వంగా చెప్పాను. ఆమె ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో నాకు తెలియాల్సిన పనిలేదు. ఉద్యోగం రాలేదు.

అలాంటి సమయంలో జీఎస్టీ వచ్చింది. 2017 జూలై 1. నా ప్రోగ్రాముల్లో పన్ను నంబరుకి 11 అంకెల చోటే ఉంది, జీఎస్టీ నంబరుకి 15 కావాలి. ఒక పన్ను పోయి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ అని మూడయ్యాయి. మిగిలిన కొట్ల నుంచి ఫోన్లే ఫోన్లు. పదేళ్ల క్రితం పెసరట్టు తింటూ వేసుకున్న లెక్క నిజమైంది! ఊళ్లో ఈ పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ తెలుగు పట్టీల పెద్దాయన కొట్టుకి వెళ్లి, కుర్చీలో వెనక్కి వాలి, ఒక అంకె చెప్పాను. ఆ అంకె ఇక్కడ రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పెద్దాయన కాసేపు నా వంక చూశాడు. "అంతేనంటావా అబ్బాయ్?"

"అంతేనండీ. వేరేవాళ్లు ముట్టుకోలేరు దీన్ని."

"సరే, మావాడితో మాట్లాడి కబురు చేస్తాలే."

కబురు రాలేదు. ఆయన మనవడి స్నేహితుడట, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, వచ్చి నా డీబీఎఫ్ ఫైళ్లని ఎక్సెల్‌లో తెరిచాడు. మామూలుగా, ఫైలు మీద రెండుసార్లు నొక్కి. నేను తాళం వేసింది ప్రోగ్రాముకి. లోపలి సరుకు డీబీఎఫ్‌లో ఉంది. ఆ ఫైలు కట్టుబాటు డీబేస్ కాలం నుంచీ లోకానికంతటికీ తెలిసినదే. ఎక్సెల్ చదువుతుంది, లిబ్రే ఆఫీస్ చదువుతుంది, పైథాన్‌లో పది లైన్లు రాస్తే అదీ చదువుతుంది. ఎక్స్1 అంటే తూకమనీ, జెడ్‌బీ అంటే బాకీ అనీ పాత పట్టీ ఒకటి పక్కన పెట్టుకుని కుర్రాడు పూటలో కనిపెట్టేశాడు. ఇన్నేళ్లూ నేను తాళం వేసి కాపలా కాసింది తలుపు లేని కొట్టుకి.

ఇక్కడితో అయిపోతే నా కథ ఇంకా గౌరవంగా ఉండేది. కానీ కుర్రాడికి ఒకచోట ఆగిపోయింది. అంకెలన్నీ వచ్చాయి గానీ రైతుల పేర్లు రాలేదు. పేరుండాల్సిన చోట గీతలు, గుర్తులు. జిస్ట్ కార్డు తెలుగుని దాచేది ఇస్కీ అనే పద్ధతిలో. దాంట్లో తెలుగు 'క'కీ హిందీ 'క'కీ ఒకటే అంకె, 179. ఏ లిపిలో చూపించాలో కార్డు చూసుకునేది. కార్డు ఎప్పుడో అటక ఎక్కింది. అదే 179 విండోస్‌కి పైకెక్కిన చిన్న మూడంకె. 'కోటయ్య' ఎక్కడున్నాడో, 'వెంకట్రావు' ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఎవరి బాకీ ఎవరిదో తెలియకపోతే షావుకారుకి నిద్ర పట్టదు.

ఈసారి ఫోన్ చేసింది ఆ కుర్రాడే. "అంకుల్, మీకు ఇస్కీ తెలుసట కదా?" అన్నాడు. నేను పాత రేటు గుర్తు చేయబోయి ఊరుకున్నాను. ఇద్దరం కూర్చుని ఇస్కీ అంకెలని యూనికోడ్ అక్షరాలకి మార్చే పట్టిక రాసుకున్నాం. పొల్లు దగ్గర, వత్తుల దగ్గర కాస్త తికమక పడ్డాం, అయినా పేర్లన్నీ వచ్చాయి. చేసినందుకు పెద్దాయన ఇచ్చిన డబ్బు న్యాయంగానే ఉంది. నేను అడిగిన అంకెలో అదెన్నో వంతో చెప్పను. వెళ్తుంటే, "తాళాలు వేయకయ్యా ఇంక," అన్నాడు. మార్చి 31 సంగతి ఆయన ఏ ఏడూ మర్చిపోలేదన్నమాట.

ఆ కుర్రాడి దగ్గర పైథాన్ నేర్చుకున్నాను. నేను అతనికి పట్టీ నేర్పాను. అడ్వాన్సు వడ్డీ ఏ రోజు నుంచి కడతారో, తాలుకి వేరే లాటు ఎందుకో. ఉద్యోగ ప్రకటనల్లో ఫాక్స్‌ప్రో కోసం వెతకడం మానేశాను. పని ఆడిటర్ల ఆఫీసుల ద్వారా వస్తోంది. రైసు మిల్లులు, చిట్టీల కంపెనీలు, సహకార సంఘాలు, పాత ఖాతాలు కావాల్సి వచ్చి చిక్కుకుపోయినవాళ్లు. వీళ్లలో ఫాక్స్‌ప్రోలోనే ఉండిపోదామనుకునేవాడు పైసా రాల్చడు. దాన్ని వదిలించుకుందామనుకునేవాడు సంతోషంగా ఇస్తాడు. నేను ఇప్పుడు బతుకుతున్నది ఫాక్స్‌ప్రోని ఒక్కో కొట్టులోంచి సాగనంపి. ఒక పార్టీ పని ముగిస్తే ఆ పార్టీతో నా అవసరం కూడా ముగుస్తుంది. మా ఆవిడ దీన్ని చూసి, "ఇదేం వ్యాపారమండీ?" అంటుంది. అయినా నెల గడుస్తోంది.

మీకు తెలిసిన కొట్లో, మిల్లులో నల్ల తెర ఇంకా వెలుగుతూ ఉంటే వాళ్లకి నా మాటగా ఒకటి చెప్పండి. కాపీ తీసుకునేటప్పుడు డీబీఎఫ్ ఫైళ్లు మాత్రమే తీయొద్దు, అదే పేరుతో ఎఫ్‌పీటీ అని ఇంకో ఫైలు ఉంటే అదీ తీయాలి. మెమోలన్నీ దాంట్లోనే ఉంటాయి, అది పోతే నేను కూడా ఏమీ చేయలేను. తర్వాత నాకు కబురు చేయమనండి. రేటు మొదటి ఫోన్లోనే చెబుతాను. సోర్సు కోడు వాళ్లకే ఇస్తాను.