ఏడున్నర కడుపునొప్పి

జూన్ 12 వచ్చిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరుస్తారు. ఆ మర్నాటి నుంచీ ఇంటింటా ఒక జబ్బు మొదలవుతుంది. వైద్యశాస్త్రంలో దీనికి పేరు లేదు గానీ లక్షణాలు మాత్రం ప్రతి తల్లికీ కంఠతా వచ్చు. ఉదయం ఏడింటికి బొడ్డు చుట్టూ మొదలై, ఏడున్నరకి ముదిరి, స్కూలు బస్సు సందు చివర మలుపు తిరిగిన మరుక్షణం మందూ మాకూ లేకుండా మాయమవుతుంది. ఆదివారాలు రాదు. దసరా, సంక్రాంతి సెలవుల్లో జాడే ఉండదు. సోమవారం తీవ్రం, యూనిట్ టెస్టు నాడు ప్రాణాంతకం. ఎక్కడరా నొప్పి అంటే రోగి ముందు పొట్ట చూపిస్తాడు. అమ్మ వాము తెస్తానంటే చెయ్యి తలమీదికి పోతుంది. అమృతాంజనం మాట వినగానే నొప్పి మోకాలికి దిగుతుంది.

చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరం వస్తుందని ఏ విశ్వవిద్యాలయం కనిపెట్టిందో ఎవరికీ తెలియదు. అయినా పాఠ్యపుస్తకంతో పనిలేకుండా, పరీక్షలతో పనిలేకుండా, తరం నుంచి తరానికి చెక్కుచెదరకుండా అందిన చదువు మన దేశంలో అదొక్కటే. జ్వరం రాదు, కంపు వస్తుంది. అది వేరే సంగతి. థర్మామీటరుని వేడి పాలగ్లాసులో ముంచి నూటపది జ్వరం తెచ్చుకున్న వీరులున్నారు. టై దాచేసేవాళ్లు, యూనిఫాం మీద సాంబారు ఒలకబోసుకునేవాళ్లు, ‘ఇవాళ స్కూల్లేదంట’ అని విశ్వసనీయ వర్గాల సమాచారం తెచ్చేవాళ్లు సరేసరి. వీళ్లందర్నీ తలదన్నేవాడు మూడో తరగతి మౌని. మంచం అంచున కూర్చుని, ఒక సాక్సు చేత్తో పట్టుకుని, తిరుగుతున్న ఫ్యాను వంక పావుగంట చూస్తాడు. ‘ఏమ్మా, తొడుక్కున్నావా?’ అని వంటింట్లోంచి కేక వస్తే ‘ఆఁ’ అంటాడు. తొడుక్కోడు. కింద వ్యాను హారన్ మోగినప్పుడు మాత్రం ఉలిక్కిపడి ఎడమకాలి సాక్సు కుడికాలికి ఎక్కిస్తాడు. మడమ పైకి వచ్చిందని మళ్లీ విప్పుతాడు.

అప్పుడు హాల్లో కోర్టు కొలువుదీరుతుంది. నాన్నగారు న్యాయమూర్తి. సాక్షుల్ని పిలవకుండానే ‘అంతా నటన’ అని తీర్పు చెప్పేస్తారు. నటన సంగతి ఆయనకి తెలిసినంత బాగా ఎవరికి తెలుస్తుంది? అభిమాన హీరో సినిమా విడుదలైన శుక్రవారం పొద్దున్నే టీమ్ లీడుకి ఫోన్ చేసి, గొంతు బొంగురు చేసి, ‘వైరల్ ఫీవర్ సార్, లేవలేకపోతున్నా’ అన్నది ఈ న్యాయమూర్తిగారే. సర్కారు ఉద్యోగి అయితే ఇంకా నయం. మెడికల్ సర్టిఫికెట్ మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టే డాక్టరు ఏ సందులో ఉంటాడో ఆయనకి తెలుసు. పిల్లాడి నేరమల్లా ఆ సందు తెలియకపోవడమే.

ఇక తాతగారు. ‘మా కాలంలో ఇలాంటివి సాగేవి కావురా’ అని మొదలుపెడతారు. నిజమే, సాగేవి కావు. వీధిబడి పంతులుగారు నలుగురు దిట్టమైన కుర్రాళ్లని పంపిస్తే, ఎగ్గొట్టినవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టుకుని ఊరేగింపుగా మోసుకొచ్చేవాళ్లు. తర్వాత కోదండం. అంటే పై వాసానికి వేసిన తాడు పట్టుకుని వేలాడాలి, కింద బెత్తం కాచుకుని ఉంటుంది. తొడపాశం, గోడకుర్చీ ఉపాహారాలు. ఇంత భాగ్యం అనుభవించిన తాతగారు బడిని తలుచుకుని కళ్లు చెమర్చుకుంటారు. చెమరుస్తున్నది ప్రేమతోనా, పాత దెబ్బ సలిపా అని అడగకూడదు, పెద్దవాళ్లు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడమూ, మనసు నొప్పించేలా వేధించడమూ రెండూ కూడదంది. బెత్తం చాలాచోట్ల అటకెక్కింది. దాని డ్యూటీని డైరీలో ఎర్రసిరా రిమార్కు, వాట్సాప్ గ్రూపులో మార్కుల జాబితా పంచుకున్నాయి. బెత్తం దెబ్బ తరగతి గదిలోనే ఆగిపోయేది. ఇప్పుడు మేనత్త ఫోన్లో కూడా మోగుతుంది.

సంచీ సంగతి చెప్పుకోవాలి. సోమవారం పొద్దున స్వామి అనే కుర్రాడికి తలనొప్పి తెప్పించి కథ రాసిన ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని బడిసంచుల బరువుకే కేటాయించారు. సభ విన్నది. తర్వాత యశ్‌పాల్ కమిటీ పుట్టింది, భారం లేని చదువు కావాలని 1993లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం చదివింది. 2020లో మరో విధానం వచ్చి, సంచీ బరువు పిల్లాడి బరువులో పది శాతం దాటరాదంది. పుస్తకాల షాపువాడు నవ్వాడు. ఈ కాగితాలన్నీ కలిపి కుడితే ఇంకో రెండు కిలోలు తూగుతాయి. మన మూడో తరగతివాడు మాత్రం ఇవాళ్టికీ ముందుకి వంగే మెట్లు దిగుతున్నాడు. వాడికి నడుం నొప్పి అంటే నమ్మేవాళ్లుంటారేమో గానీ, పాపం, వాడు ఇంకా కడుపు దగ్గరే ఆగిపోయాడు.

వానాకాలంలో పిల్లలు కొలిచే దేవుడు ఒక్కడే, సెలవు ప్రకటించే జిల్లా కలెక్టరు. వాయుగుండం పేరు వినగానే టీవీ ముందు చేరి, కింద పరుగెత్తే అక్షరాల్లో తమ జిల్లా పేరు కోసం చూసినంత భక్తిగా ఏ అక్షరాలూ చదివి ఉండరు.

బడికి రప్పించడానికి ప్రభుత్వాలు వెల కూడా కట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది. హాజరు 75 శాతం ఉంటే తల్లి ఖాతాలో 15 వేలు. మరుసటి ఏడాది అందులో వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకని తగ్గించారు, ఆపై ఏడాది కోత రెండు వేలైంది. ప్రభుత్వం మారింది. 2025లో తల్లికి వందనం వచ్చింది. 15 వేలన్నారు, చేతికి 13 వేలు వచ్చాయి. మిగతా రెండు వేలు బడుల నిర్వహణకట. పథకం పేరు మీద, జెండా రంగు మీద, పుస్తకాల సంచీ మీద బొమ్మ మీద కొట్టుకుచచ్చే రెండు పార్టీలు ఈ ఒక్క కోత దగ్గర మాత్రం అన్నదమ్ములు. మరుగుదొడ్డి సరిగా లేక ఆడపిల్ల బడి మానేస్తే, ఆ దొడ్డి కడగడానికి డబ్బు ఆ పిల్ల తల్లి దగ్గరే పట్టుకోవడం! ఇంత తెలివి మన ఆర్థిక శాఖకి మిగతా వేళల్లో ఎక్కడికి పోతుందో.

అసలు ఎగ్గొట్టడంలో బడిని మించినవాళ్లు లేరు. టైంటేబుల్లో శుక్రవారం ఆఖరి పీరియడు ఆటలు అని ఉంటుంది. లెక్కల మాష్టారు తీసేసుకుంటారు. డ్రాయింగు ఇంగ్లీషు టీచరుకి పోతుంది. లైబ్రరీకి తాళం, తాళం హెడ్మాస్టరు గదిలో, హెడ్మాస్టరు మండల సమావేశంలో. పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల అయితే ఆ ఒక్క అయ్యవారు సమావేశానికి వెళ్లిన రోజు బడి మొత్తం సెలవు పెట్టినట్టే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప మరో పనికి టీచర్లని వాడకూడదంది. ఆంధ్రలో అయ్యవార్లు మరుగుదొడ్ల ఫొటోలూ భోజనం ఫొటోలూ తీసి యాప్‌లో ఎక్కిస్తూ తిరిగిన రోజులు అందరం చూశాం. ఇది బోధనేతర పని కాదంటారేమో. రెండో ఎక్కం చెప్పించుకోవాల్సిన పిల్లలు సిగ్నల్ ఎక్కడ బాగుంటుందో సారుకి చూపించారు, అదీ పాఠమే కాబోలు.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. మూడో తరగతిలో వాడి చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లి బస్సెక్కించిన నాన్నగారు, పదో తరగతి అవగానే అదే కొడుకుని బడి మాన్పించడానికి లక్షలు కడతారు. దీన్ని డమ్మీ స్కూలు అంటారు. పేరు ఒకచోట, మనిషి ఇంకోచోట. రిజిస్టరులో వాడు రోజూ హాజరు. కెమిస్ట్రీ ల్యాబులో పరీక్షనాళిక పట్టుకున్నట్టు రికార్డు కూడా ఎవరో రాసి పెడతారు. వాడు మాత్రం కోచింగు సెంటరు మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో, జేఈఈయో నీటో బట్టీ కొడుతుంటాడు. బోర్డు పరీక్షకి 75 శాతం హాజరు ఉండాలని సీబీఎస్‌ఈ నిబంధన ఉంది. 2024 నవంబరులో ఆ బోర్డే ఢిల్లీ, రాజస్థాన్‌లలో ఇలాంటి 21 పాఠశాలల గుర్తింపు రద్దు చేసింది. మన దగ్గర అంత దాపరికం కూడా అక్కర్లేదు. అడ్మిషను కౌంటర్లోనే చెప్పేస్తారు, ‘హాజరు సంగతి మేం చూసుకుంటాం సార్’ అని. సార్ నిశ్చింతగా రశీదు జేబులో పెట్టుకుంటారు. ఉల్లిపాయతో కానిది డీడీతో అయింది. అదే కొడుకు చిన్నప్పుడు ఈ అవకాశం ఊరికే ఇచ్చాడు, పైసా ఖర్చు లేకుండా ఇంట్లో ఉంటానన్నాడు. అప్పుడు ఈయన వినలేదు.

ఈ నవ్వులాట అంతా బడి ఉండి, బస్సు వచ్చి, హారన్ మోగే ఇళ్లది. కర్నూలు జిల్లాలో కోసిగి, ఆదోని వైపు నుంచి మిరపకోతలకి గుంటూరు వెళ్లే కుటుంబాల్లో పిల్లలు కడుపునొప్పి అనరు. అనే అవసరం రాదు. మూటాముల్లెతో పాటు వాళ్లూ లారీ ఎక్కుతారు. తలుపుకి తాళం, పలకకి సెలవు, కోతలయ్యేదాకా చెట్టు కింద చిన్న చెల్లికి కాపలా. గద్వాల, కర్నూలు పత్తివిత్తనాల చేలల్లో పూలు క్రాసింగ్ చేయడానికి చిన్న వేళ్లు బాగుంటాయని కనిపెట్టినవాళ్లూ పెద్దవాళ్లే. ఆ పిల్లల గైర్హాజరు మీద జోకులుండవు, వాట్సాప్ గ్రూపుల్లో రిమార్కులుండవు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ, బడిలో లేని ప్రతి పిల్లా కూలిపిల్లే అని పట్టుబట్టి వేల మందిని పొలాల నుంచి, పశువుల వెనక నుంచి బడికి చేర్చింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మనం సన్మానం చేసి, శాలువా కప్పి, ఆ పట్టుదల మాత్రం ఆవిడకే వదిలేశాం.

కాబట్టి న్యాయమూర్తులుంగారూ, రేపు పొద్దున ఏడున్నరకి ముద్దాయిని ప్రవేశపెట్టినప్పుడు తిట్టాలనిపిస్తే తిట్టండి, వాడు నిజంగానే అబద్ధమాడుతున్నాడు. ఆనక ఒక్క క్షణం ఆగి, ఏ పీరియడు రోజున నొప్పి వస్తోందో, ఆ పీరియడులో వాణ్ణి ఎవరు ఏమంటున్నారో కనుక్కోండి. ఇక బడి ఎగ్గొట్టేవాళ్ల జాబితా రాయాలంటే, మూడో తరగతివాడి పేరు అట్టడుగున వేయండి. పైన మంత్రులకీ, యాజమాన్యాలకీ, లారీ మాట్లాడిన మేస్త్రీకీ, రశీదు జేబులో పెట్టుకున్న మీకూ చోటు కావాలి.