సెల్లార్‌లో జీరో వేస్ట్

హైదరాబాద్ శివార్లలో లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీల బ్రోచర్లలో ‘జీరో వేస్ట్’ అన్న మాట తళతళలాడుతుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ప్లాన్ చూడండి, చెత్త అన్నదే కనిపించదు. స్విమ్మింగ్ పూల్‌కు చోటుంది, జిమ్‌కు చోటుంది, కుక్కలు ఆడుకోవడానికి పార్కూ ఉంది. 300 ఇళ్ల చెత్తకు మాత్రం చాపంత జాగా లేదు. ఫ్లాట్లు కొన్నవాళ్లు వంట చేసుకోరని బిల్డర్ గారి నమ్మకం కాబోలు!

నలుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నరకు తగ్గకుండా చెత్త వస్తుంది. 300 ఇళ్లంటే దాదాపు అర టన్ను. అందులో దాదాపు సగం తడి చెత్తే. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు ఏడాదిలోగా తడి, పొడి వేరు చేయించాలని, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాస్‌గానో మార్చుకోవాలని 2016లోనే కేంద్రం నియమాలు తెచ్చింది. మన అసోసియేషన్లు చట్టాన్ని గౌరవించకుండా ఉంటాయా? వెంటనే ఓ యంత్రం కొన్నాయి. రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాయి. 24 గంటల్లో చెత్త కాస్తా ఎరువైపోతుందట!

ఎరువు చేసేది సూక్ష్మజీవులు. సేల్స్‌మన్ పెట్టిన గడువు వాటికి తెలియదు పాపం. తడి చెత్తలో ఎండుటాకులో రంపపు పొట్టో కలపాలి, గాలి ఆడనివ్వాలి, వారాల తరబడి మాగనివ్వాలి. యంత్రం ఒక్క రోజులో చేయగలిగింది ముక్కలు కొట్టి ఆరబెట్టడమే. ఆ పొడిని మాగనివ్వకుండా కుండీల్లో వేస్తే, నీళ్లు తగలగానే మళ్లీ కుళ్లు మొదలవుతుంది. నాలుగు మొక్కలు వాడిపోయి, రెండు కరెంటు బిల్లులు వచ్చాక యంత్రం సెల్లార్‌లో రిటైరవుతుంది.

ఇక వేరు చేయడం సంగతి. ‘మెయింటెనెన్స్ కడుతున్నాం కదండీ’ అన్న మంత్రంతో చెత్త దానంతటదే విడిపోతుందని మనవాళ్ల విశ్వాసం. ఒక్క నల్ల సంచి విప్పి చూడండి. నిన్నటి సాంబారు, దాంట్లో తేలుతున్న పాల ప్యాకెట్లు, పగిలిన గాజు గ్లాసు, పసివాడి డైపరు. ఆ ముడి విప్పేది గ్లవ్స్ లేని ఒక పనిమనిషి చేయి. గతంలో జీహెచ్‌ఎంసీ ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచితే, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో బియ్యం పోసుకున్న ఇళ్లున్నాయి. తడి, పొడి వేరు చేయడంలో మనకు సాటెవరు?

గేటు దాటిన చెత్త చివరికి చేరేది జవహర్‌నగర్ డంప్‌యార్డుకు. ఆ చుట్టుపక్కల జనం కంపుతో, పాడైన నీళ్లతో ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు. మన సున్నా వాళ్లింటి పక్క గుట్ట అన్నమాట.

ఫ్లాటు కొనబోయేవారు క్లబ్‌హౌస్ చూసి మురిసిపోయే ముందు బిల్డర్‌ను అడగండి: చెత్త మాగేందుకు షెడ్డు ఎక్కడ? పొడి చెత్త దాచే గది ఎక్కడ? రోజూ చూసుకునే మనుషులెవరు, వాళ్ల జీతం ఎవరిస్తారు? ఇప్పటికే ఉంటున్నవారి అసోసియేషన్లకైతే ఒకటే మనవి. కలగలిపిన సంచిని తీసుకోకండి. రెండు రోజులు ఎవరి సంచి వాళ్ల గుమ్మం ముందే కంపు కొడితే, తడేదో పొడేదో ఎవరూ నేర్పనక్కర్లేదు.