రంగుల సిద్ధాంతి

చిలక మనిషికి జోస్యం చెప్పడం మామూలు. ఈయన చిలకకే చెబుతాడు, అదింకా గుడ్డులో ఉండగానే.

చిలకంటే రామచిలక కాదు. దాన్ని ఇంట్లో పెంచితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు. ఈయనవి బడ్జీలు. మనవాళ్ళంతా లవ్ బర్డ్స్ అంటారు. అలా అన్న చుట్టానికి సిద్ధాంతిగారింట్లో కాఫీ ఆలస్యమవుతుంది. "లవ్ బర్డ్స్‌ది ఆఫ్రికా, వీటిది ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డ్ ఇంగ్లండుకి తీసుకెళ్ళాడు" అన్న పాఠం పూర్తయ్యాకే గ్లాసు బయటికొస్తుంది.

బాల్కనీలో ఎనిమిది పంజరాలు, ప్రతిదాంట్లో పక్కన చిల్లున్న మట్టికుండ, కింద కొర్రల పొట్టు. మేకుకి వేలాడే లాంగ్ నోట్‌బుక్‌లో వంశవృక్షాలు. సొంత ముత్తాత పేరడిగితే తడుముకుంటాడు గానీ, మూడో పంజరంలో పచ్చదాని అమ్మమ్మ ఏ రంగో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆయన మంత్రం ఒక్కటే: స్ప్లిట్. అంటే పైకి పచ్చ, లోపల నీలం దాగిన పిట్ట. అడవిలో బడ్జీ రంగు పచ్చే. ఈకలో ఉన్నది నిజానికి పసుపు వర్ణకం. నీలం మాత్రం ఈక కట్టుబడి వెలుతురుతో ఆడే ఆట. రెండూ కలిస్తే మన కంటికి పచ్చ. పసుపు తయారు కాకపోతే మిగిలేది నీలం. తల్లి నుంచో తండ్రి నుంచో పసుపు చేసే జన్యువు ఒక్కటొచ్చినా పిట్ట పచ్చగానే ఉంటుంది. అందుకే స్ప్లిట్‌ని చూసి పట్టుకోలేం. హైదరాబాద్ ముర్గీచౌక్‌లో ఈయన ప్రతి పచ్చపిట్టనీ తిప్పి తిప్పి చూస్తూ "స్ప్లిట్టేనా?" అనడిగితే, "పైన పచ్చ సార్, లోపల అల్లాకెరుక" అన్నాడట కొట్టువాడు. జన్యుశాస్త్రం అంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

రెండు స్ప్లిట్‌లు కలిస్తే నూటికి పాతిక నీలం. కుండలో నాలుగు గుడ్లు కనబడేసరికి, "ఒకటి నీలం, అది నీదే" అని పక్కింటి పాపకి మాటిచ్చేశాడు. నాలుగూ పచ్చగా దిగాయి. పాప వారం రోజులు మొహం చూపించలేదు. గుడ్డు గుడ్డుకీ లెక్క మళ్ళీ మొదలే. నాలుగింట్లో ఒక్క నీలమూ లేకపోయే అవకాశం 256లో 81, దాదాపు మూడోవంతు. ఈ లెక్క ఆయన నోట్‌బుక్‌లోనే ఉంది. మాటిచ్చేటప్పుడు ఆ పేజీ తియ్యలేదు, అంతే.

లుటినోల దగ్గర మాత్రం ఆయనకి తిరుగులేదు. పిట్టల్లో లెక్క మనకి తలకిందులు: రెండు జెడ్ క్రోమోజోములుంటే మగ, ఒక జెడ్‌కి ఒక డబ్ల్యూ తోడైతే ఆడ. ఎర్రకళ్ళ పసుపు లుటినో మగదాన్ని మామూలు పచ్చ ఆడదానితో జత కడితే కూతుళ్ళన్నీ ఎర్రకళ్ళవే, కొడుకులన్నీ నల్లకళ్ళవే. పద్దెనిమిదో రోజున గుడ్డు పగులుతుంది. రెండు గ్రాముల బోడిపిల్లని అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు నుదుటికెత్తి చూస్తాడు. కళ్ళింకా విడవవు. పల్చటి చర్మం కింద మిరియంగింజలా నల్లగా కనబడితే అబ్బాయి. గులాబీగా ఉంటే అమ్మాయి.

"అమ్మాయి!" అని అరిచాడోసారి.

"మెల్లిగా చెప్పండి, స్కానింగ్ సెంటరనుకుని పోలీసులొస్తారు" అంది వాళ్ళావిడ వంటింట్లోంచి.

ఇంత శాస్త్రానికీ దెబ్బ ఐదో పంజరంలో పడింది. తల్లి నీలం, తండ్రి నీలం. రెండు నీలాలకి పచ్చ పుట్టదు. రెండు వారాలు తిరక్కుండానే పిల్లకి ఈకల మొనలు పొడుచుకొచ్చాయి. చక్కటి చిలకపచ్చ!

సిద్ధాంతి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పసుపుమొహం నీలం అనే రకమేమోనని టార్చిలైటు వేసి చూశాడు. కాదు. జన్యువు ఎదురుతిరిగిందేమోనని కూడా అన్నాడు.

"ఏవండీ, గుడ్లు పెట్టడానికి మూడు రోజుల ముందు దాకా ఇవి పెద్ద పంజరంలోనే ఉన్నాయి కదా?"

"అయితే?"

"ఆ పచ్చాయన కూడా అక్కడేగా ఉండేవాడు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్ దించి, తండ్రి గడిలో పెన్నుతో రాసింది కొట్టేసి, పెన్సిలుతో చిన్నగా 'మూడో పంజరం?' అని రాసుకున్నాడు.