బెదురు లేని వాడు పెద్దవాడు: ఒక ఫలాహార పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కావ్యాలకు వ్యాఖ్యలున్నాయి, సూత్రాలకు భాష్యాలున్నాయి. పసిబిడ్డను చంకనేసుకొని అద్దాల హోటలుకు పొద్దున టిఫినుకు పోవడమనే మహాకార్యానికి మాత్రం టీక లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పూనిక. మూలం ఒక ఆటవెలది. కర్త తన పేరు చెప్పుకోలేదు. బిల్లు కట్టినవాడే రాసి ఉంటాడని ఒక మతం. అంత ఓపిక అతనికి మిగిలి ఉండదని మరో మతం.

దేశం: హైదరాబాదు, వరంగల్లు నడుమ 163వ నంబరు జాతీయ రహదారి మీద, జనగామ దాపున. తండ్రిది భూపాలపల్లి, తల్లిది మహబూబాబాదు, అంటే మానుకోట. హైదరాబాదులో పెళ్ళికి పోతూ, పర్కాల, హనుమకొండ దాటి ఇక్కడ ఆగారు. కాలం: 2016 అక్టోబరు 11 దసరాకు తర్వాతిది. ఆనాడే పాత వరంగల్ జిల్లాలోంచి జనగామ, భూపాలపల్లి, మానుకోట మూడూ మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ సంగతి పద్యంలో లేదు. అయినా నాలుగో పాదం తాళం దీనితోనే తెరుచుకుంటుంది.

మన మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, భారవి కావ్యానికి రాసిన వ్యాఖ్యకు ‘ఘంటాపథం’ అని పేరు పెట్టాడు. గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాచబాట అని అర్థం. మా హోటలు రాచబాట మీదే ఉంది. గుమ్మంలో పెంబర్తి పనితనపు ఇత్తడి కలశం ఉంది, దాన్ని మా నాయిక అయిన పాప లోపలికి వస్తూనే చెంచాతో ఖంగుమనిపించింది. కాబట్టి మా వ్యాఖ్యకూ ఆ పేరే చెల్లుతుంది. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రెండింటిలో ఒక్కటీ పాటించే శక్తి మాకు లేదు.

మూలం

బిల్లు తండ్రి కట్టు, బిడ్డ యిడ్లీ పిండు,
అమ్మ తుడుచు బల్ల, నవ్వ నవ్వు;
మక్క గట్క కచట మారుపేరొకటుండు,
బెదురు లేని వాడు పెద్దవాడు.

ప్రతిపదార్థం

తండ్రి = తెల్లవారక ముందే బండెక్కి ఇంకా టీ చుక్క ఎరుగనివాడు; బిల్లు = తిన్నదానికీ తిననిదానికీ కలిపి వేసిన లెక్కను; కట్టు = ఫోను ఎత్తి స్కాన్ చేసి చెల్లించును; బిడ్డ = మూడేళ్ళది; ఇడ్లీ = అడిగి మరీ తెప్పించుకున్న ఇడ్లీని; పిండు = పిడికిట్లో పట్టి వేళ్ళ సందుల్లోంచి వెలికి తీయును; అమ్మ = ఈ హోటలుకు పోదామని మొదట అన్నది; బల్లన్ = ఇంటిది కాని బల్లను; తుడుచు = పెట్టెలో ఉన్న కాగితాలన్నీ అయ్యేదాకా రుద్దును; అవ్వ = తండ్రిని కన్నతల్లి; నవ్వు = నవ్వును; అచట = ఆ హోటలులో; మక్క గట్కకు = మొక్కజొన్న రవ్వతో వండిన జావకు; మారుపేరు ఒకటి = మెనూ కార్డులో అచ్చయిన పేరు; ఉండు = ఉండును; బెదురు లేని వాడు = చూసేవాళ్ళేమనుకుంటారో అన్న జంకు లేనివాడు; పెద్దవాడు = ఆ బల్ల దగ్గర పెద్ద.

వ్యాఖ్య

ప్రథమ పాదం. తిండి ముందు, బిల్లు తర్వాత కదా, కవి బిల్లుతో ఎత్తుకోవడం క్రమభంగం కాదా అని శంక. కాదు. బఫేలో ధర గుమ్మం దగ్గరే చెప్తారు. ఆ క్షణం నుంచి తండ్రి దాన్ని నములుతూనే ఉంటాడు, వడలు, పూరీలు దాని మీద నంజుడు మాత్రమే. గోడ మీద ఇంకో బోర్డుంది: అయిదేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. ఇందులో నిగూఢార్థం చూడండి. పైసా కట్టని మనిషి ఏడు రకాలు తెప్పించి ఏడింటినీ ఒక్కొక్కసారి కొరుకుతుంది. పూర్తి పైసలు కట్టిన మనిషి ఆ ఏడు కొరుకుళ్ళ శేషం తిని, తనకంటూ ఏమీ పెట్టుకోకుండానే కడుపు నిండిందంటాడు.

బిల్లు అడుగున ఒక వేదాంతం ఉంది. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లలో ఏసీ ఉన్నా లేకున్నా జీఎస్టీ అయిదు శాతమే. అందులో రెండున్నర కేంద్రానికి, రెండున్నర రాష్ట్రానికి. పుచ్చుకునే చోట ద్వైతం, ఇచ్చే చోట అద్వైతం. ఆ కింద సర్వీస్ చార్జీ అని ఇంకో పంక్తి కనబడవచ్చు. దాన్ని గిరాకీ ఒప్పుకోకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. తీసెయ్యమని అడిగే హక్కు తండ్రికుంది. అడగడానికి నోరు రాదు. ఎందుకు రాదన్నది నాలుగో పాదంలో తేలుతుంది.

‘పిండు’ అన్న క్రియను కొందరు నిందగా తీసుకున్నారు. తొందరపాటు. క్రీ.శ. 920 నాటి కన్నడ గ్రంథం ‘వడ్డారాధనె’లోనే ఇడ్లీ పూర్వరూపం పేరు వినబడుతుంది. వెయ్యేళ్ళుగా మనుషులు పిండిని ఇడ్లీ చేస్తూనే ఉన్నారు. ఇడ్లీని తిరిగి పిండి చేయడం మాత్రం మూడేళ్ళ వాళ్ళకే చేతనైంది. సృష్టి పెద్దలది, లయం పిల్లలది.

ద్వితీయ పాదం. ఇక్కడ అర్థభేదం ఉంది. ‘బల్ల నవ్వ’ అని విరిచి, బల్లే నవ్విందని ఒక వ్యాఖ్యాత రాశాడు. బల్ల మీద ఆ సమయానికి చట్నీ, సాంబారు, తేనె, పాలు పొర్లి ఉన్నందున అది నవ్వే స్థితిలో లేదు. కాబట్టి ‘బల్లన్ + అవ్వ’ అన్న ద్రుతసంధే గ్రాహ్యం. అమ్మ బల్లను తుడుస్తుంది, అవ్వ నవ్వుతుంది.

తుడవడానికి అక్కడ వేరే మనిషి ఉన్నాడు కదా, అమ్మ ఎందుకు తుడవాలి? ఆ మనిషి ఏమనుకుంటాడోనని. అతడు నల్లకోటు తొడుక్కొని వచ్చి మొదట ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అన్నాడు. అమ్మ నడుము నిటారైంది. పాప కోసం ఎత్తు కుర్చీ తెచ్చాడు. పాప అందులో కూర్చోనని విల్లులా వంగింది, అమ్మ ‘సారీ అండీ’ అంది. ఇంట్లో పాప ఇంతకంటే ఘోరంగా పారబోసినా అమ్మ ఎవరికీ సారీ చెప్పలేదు. అవ్వ మాత్రం ఆ అబ్బాయిని ఎగాదిగా చూసి ‘ఏ ఊరు బిడ్డా?’ అనడిగింది. పాలకుర్తి పక్కన అన్నాడు. అంతే, ఇంగ్లీషు జారిపోయింది. ‘అవ్వా, ఇంకో ఇడ్లీ వెయ్యాల్నా?’ అన్నాడు. అన్నాక మేనేజరు వైపు ఒకసారి చూశాడు. బెదురు బల్లకు ఇవతలే కాదు, అవతలా ఉందన్నమాట.

తృతీయ పాదం. ఇది పద్యానికి గుండెకాయ. వరి అన్నం పండుగ కూడుగా ఉన్న రోజుల్లో ఈ సీమ పల్లెల్లో పొద్దుటి తిండి రాత్రి మిగిలిన సద్ది, లేదా జొన్న గట్క, మక్క గట్క. ఇసురాయిలో రవ్వ విసిరి, కుండలో ఉడికించి, మజ్జిగ పోసుకొని ఉల్లిగడ్డ కొరికి పనికి పోయేవాళ్ళు. అవ్వ ఆ గట్క నుంచి పారిపోయే ఇడ్లీ దాకా వచ్చింది. ఇడ్లీ తినడమంటే ఆమె కాలంలో బాగుపడడం. ఇప్పుడు కోడలు ఖరీదు కట్టి ఆమెను ఆ గట్క దగ్గరికే తెచ్చి నిలబెట్టింది. ‘మిల్లెట్ కౌంటర్’ అని బోర్డు, మెరిసే గిన్నెలో రాగి జావ, పక్కన జొన్న ఉప్మా. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచి వీటికి పెరిగిన మర్యాద ఇది.

ఆ మారుపేరు ఏదన్నది పండితుల మధ్య వివాదం. కార్న్‌ఫ్లేక్స్ అని ఒక వర్గం. అవ్వ సాక్ష్యం ఈ వర్గానికే అనుకూలం. గాజు జాడీలోంచి నాలుగు రేకులు నోట్లో వేసుకొని ‘గివి మక్కలే గదరా! గింత పిరమా?’ అంది. 1906లో అమెరికాలోని బ్యాటిల్ క్రీక్ పట్నంలో కెల్లాగ్ కంపెనీ పెట్టి అమ్మింది ఆ మక్కలనే. పొలెంటా అని రెండో వర్గం. ఇటలీ వాళ్ళు మక్క రవ్వను గట్టిగా ఉడికించి పెట్టే ఆ వంటకం మన గట్కకు వేలు విడిచిన చుట్టం, కానీ జనగామ బాట మీద అది దొరుకుతుందని మాకు ఆధారం లేదు. ఇంత వాదించాక ఒకటి ఒప్పుకోక తప్పదు. మక్క మన తాతల సొత్తని ఎగరడానికి లేదు, అది మెక్సికోలో పుట్టి సముద్రాలు దాటి వచ్చింది. పేరు మార్చుకోవడం దానికి కొత్త కాదు.

పాప ఏం తిన్నది? రాగి జావ తోసేసింది. కార్న్‌ఫ్లేక్స్ చల్లింది. పంచదార పొట్లం చింపి అందులో వేలు ముంచింది.

చతుర్థ పాదం. బిడ్డ అంటే మా వైపు కూతురు. అలాంటప్పుడు ‘లేని వాడు’ అని పుంలింగమేమిటని వ్యాకర్తల శంక. ఆడపిల్లనైనా ముద్దు ఎక్కువైతే ‘తినురా నాన్నా’ అనే దేశంలో ఈ శంక నిలవదు.

అసలు ప్రశ్న వేరు. పాపకు బెదురు లేదని ఎలా తెలుసు? తెలిసిన ఘట్టమిది. అమ్మ చూపు తప్పిన క్షణంలో పాప పక్క బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ ముఖం తెలియని పెద్దమనిషి ఒంటరిగా పేపరు చదువుతున్నాడు. ఆయన ప్లేటులోంచి వడ తీసుకుంది, కొరికింది, మిగతాది తిరిగి ఆయన ప్లేటులోనే పెట్టింది. తండ్రికి చెమటలు పట్టాయి. ఆయన మాత్రం ‘ఏం గాదు తమ్మీ, పిల్లలు గదా’ అని పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఈ జనగామ జిల్లా బమ్మెరే పోతన ఊరు. భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు, గొల్లపిల్లలు పొద్దున్నే అడవికి చద్దులు కట్టుకుపోయి తింటారు. అక్కడా ఒకడు పక్కవాడి కంచంలోది లాక్కొని మింగేసి, ఏదీ లేదని ఖాళీ నోరు తెరిచి చూపిస్తాడు. పిల్లలతో బయట చేసే ఫలాహారానికి తెలుగులో అంతకు మించిన ప్రమాణం లేదు. ఆ లెక్కన పాప చేసింది దొంగతనం కాదు, సంప్రదాయం.

ఇక తండ్రి. ఇతడు సింగరేణిలో, కేటీకే అని పిలిచే కాకతీయ ఖనిలో పని చేసేవాడు. షిఫ్టు షిఫ్టుకూ నల్లటి బాయిలోకి దిగి, నెత్తి మీద బొగ్గు పొరను నమ్ముకొని పని చేసి పైకి వచ్చేవాడు. అక్కడ బెదరని మనిషి, ముళ్ళ చెంచా ఏ చేత్తో పట్టాలో అని బెదిరాడు. తల్లి మానుకోట స్టేషన్లో, కదిలే రైలును అందుకొని కాలేజీకి పోయి చదువుకున్నది. ఆమె బల్ల మీద మరక చూసి బెదిరింది. జిల్లా జీవోతో వస్తుంది, నిబ్బరం జీవోతో రాదు.

అలంకారం, రసం

పైసలు కట్టనివాళ్ళు తినడం, కట్టినవాళ్ళు పస్తుండడం వల్ల అసంగతి. బిల్లు చూసిన చోట అద్భుతం, బల్ల చూసిన చోట బీభత్సం, పక్క బల్ల వైపు నడక భయానకం. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఒప్పుకున్న వత్సలరసమే అంగి. దానికి హాస్యం తోడు.

పూర్వపక్షం, సిద్ధాంతం

టిఫిన్ బండి దగ్గర వారమంతా తినగల సొమ్మును ఒక్క పొద్దులో ఎందుకు పోయాలి?

రుచి కోసమని ఒకరు. కుదరదు, రుచి చూసే తీరిక ఎవరికీ దొరకలేదు. కూర్చోవడం కోసమని ఇంకొకరు. అదీ కుదరదు, ముగ్గురిలో ఇద్దరు పాప వెంట నిలబడే ఉన్నారు. ఫొటో కోసమని మూడోవారు. తీసిన ప్రతి ఫొటోలోనూ పాప వీపే పడింది.

పాప కోసమని అమ్మ మతం. ‘మేం ఇట్లాంటి చోటికి మొదటిసారి పోయినప్పుడు పెద్దవాళ్ళమై కూడా వణికినం, అది వణకొద్దు’ అంటుంది. ఇది గట్టి వాదం, కానీ ఇందులో ఒక దోషం ఉంది. మందు ఇవ్వాలంటే రోగం ఉండాలి కదా. పాప ఇత్తడి కలశం మోగించినప్పుడే ఆమెకు ఆ రోగం లేదని తేలిపోయింది. అవ్వకూ లేదు, ఆమె పేదరికాన్ని చూసింది, హోటలు మేనేజరును చూసి జంకే వయసు దాటింది. రోగం నడుమ తరానిదే. తన బెదురు పోగొట్టుకోవడానికి అది ఒంటరిగా రాలేదు, సిగ్గు. అందుకని ‘పిల్ల కోసం’ అన్న పేరుతో వస్తుంది. కాబట్టి ఆ బిల్లు వైద్యం ఖర్చు. రోగి తండ్రీ తల్లీ, వైద్యురాలు పాప. పక్క బల్ల మనిషి ‘ఏం గాదు’ అన్నప్పుడు సగం నయమైంది. అతనూ పేపరు చాటున బెదురుతూనే కూర్చున్నాడని అప్పుడు తెలిసింది గనక.

తాత్పర్యం

ఖరీదైన హోటలులో పసిపిల్లలతో ఫలాహారం చేసేవాళ్ళు, పిల్లలకు మర్యాద నేర్పడానికి వచ్చామనుకుంటారు. పాఠం తిరగబడుతుంది. ఎవరేమనుకుంటారో అన్న చింత లేకుండా తినడం, తిననిది తోసెయ్యడం, పక్కవాడితో మాట కలపడం పాపకు వచ్చు. పెద్దవాళ్ళు ఆ మూడూ మరిచి, సొమ్ము కట్టి మళ్ళీ నేర్చుకుంటున్నారని భావం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను పొద్దున్నే చదివేవారికి కిటికీ పక్క బల్ల దొరుకును. విన్నవారి బిల్లులో సర్వీస్ చార్జీ తొలగును. రాసి పంచేవారి పిల్లలు ఎత్తు కుర్చీలో పది నిమిషాలు నిలుతురు. అంతా చదివీ బెదురు పోనివారికి పార్సిల్ సౌకర్యం కలదు.