ఇంజన్ సీల్ కూడా విప్పలేదండీ!

సెకండ్ హ్యాండ్ కార్ల బజారులో ఒక మాటకున్న గిరాకీ ఇంకే మాటకూ లేదు. "ఇంజన్ సీల్ కూడా విప్పలేదండీ!" ఆ మాట అనేటప్పుడు బ్రోకరు గొంతు కాస్త తగ్గుతుంది, చెయ్యి బానెట్ మీదికి వెళ్తుంది. వినేవాడి కళ్లు చెమర్చడం ఒక్కటే తక్కువ. ఇంకో ఇరవై వేలు పెట్టొచ్చులే అన్న ఆలోచన అక్కడే, ఆ క్షణమే పుడుతుంది. తొమ్మిదేళ్ల డీజిల్ బండి. మీటర్లో తొంభై వేల పైచిలుకు. ఇన్నేళ్లలో ఒక్క పార్టు మార్చలేదట, అంతా కంపెనీ ఫిట్టింగేనట. పదేళ్లుగా పళ్లు తోమలేదని పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకుని పొగుడుతుంటే, ఆడపెళ్లివారు ముచ్చటపడి తాంబూలాలు పుచ్చుకున్నట్టుంటుంది ఈ వ్యవహారం.

ఆ బండికి టైమింగ్ బెల్టు ఉన్నట్టయితే, బ్రోకరు చెప్పింది గొప్ప కాదు, నేరాంగీకారం. ఇంజనుకి ఒక పక్క ప్లాస్టిక్ మూత వెనకాల పళ్లున్న రబ్బరు పట్టీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. కింద క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా చూడటమే దాని ఉద్యోగం. హైవే మీద ఇంజన్ మూడు వేల ఆర్‌పీఎం దగ్గర ఉందంటే క్రాంకు సెకనుకు యాభై సార్లు తిరుగుతోందన్న మాట. ఒక్కో వాల్వూ సెకనుకు పాతిక సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకొచ్చేలోపు వాల్వు పక్కకి తప్పుకోవాలి. బెల్టు తెగిందా, క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, తెరుచుకున్న వాల్వు తెరుచుకునే ఉంటుంది. పిస్టన్‌కి మాత్రం ఈ కబురు అందదు. అది వచ్చిన ఊపులో వచ్చి గుద్దేస్తుంది. మన రోడ్ల మీది డీజిల్ బండ్లలో దీని ఫలితం దాదాపు ఒకటే: వాల్వులు వంగిపోతాయి, హెడ్ దించాలి. ఎక్కువ నష్టమైతే పిస్టన్లూ పోతాయి. అదంతా ఒక్క సెకను పని. చప్పుడు కూడా పెద్దగా ఉండదు. బండి సూర్యాపేట దాటాకనో, శ్రీశైలం ఘాట్‌లోనో గుటుక్కుమని ఊరుకుంటుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఏ బరువూ లేనట్టు గిర్రున తిరుగుతుంది కానీ అంటుకోదు.

సీల్ విప్పకుండానే బెల్టు మార్చొచ్చు కదా, హెడ్ జోలికి పోనక్కర్లేదు కదా అని మెకానిక్కులు అంటారు. నిజమే. అయితే అదే నోటితో బ్రోకరును, "మరి బెల్టు ఎప్పుడు మార్చారు?" అని అడిగి చూడండి. "అలాంటివేవీ రాలేదు సార్ ఈ బండికి" అంటాడు, అదేదో బండికి పట్టే రోగమైనట్టు.

ప్రతి బండికీ బెల్టు ఉండదన్న మాట వాస్తవం. మారుతి కె సిరీస్ పెట్రోలు ఇంజన్లూ, స్విఫ్టుల్లోనూ డిజైర్లలోనూ లక్షల కొద్దీ తిరిగిన ఫియట్ వారి 1.3 డీజిలూ చెయిన్ మీద నడిచేవి. పాత మారుతి 800, శాంత్రో, డస్టర్ 1.5 డీజిల్ బెల్టువి. ఐ10 ఇంకా తమాషా: 1.1 ఇంజన్‌కి బెల్టు, 1.2 కప్పాకి చెయిన్. ఒకే పేరు, ఒకే బాడీ, లోపల వేర్వేరు జాతకాలు. ఈ అయోమయం బ్రోకరుకి వరం. బెల్టు గురించి అడిగిన ప్రతివాడికీ "ఇది చెయిన్ సార్, లైఫ్‌టైమ్" అనేస్తే సరి. ఎవరి లైఫ్ అని అడిగితే మర్యాదగా ఉండదు.

కొనేవాడు మాత్రం తక్కువ తిన్నాడా? తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకుని వస్తాడు. డోర్లు నాలుగూ ధబేల్మని వేసి చూస్తారు. టైరుని తంతారు, టైరుని తంతే ఏం తెలుస్తుందో తన్నేవాడికీ తెలియదు, తన్నకపోతే బేరం మొదలైనట్టుండదు. ఆయిల్ మూత తీసి పొగ చూస్తారు. సైలెన్సర్‌లో వేలు పెట్టి మసి చూస్తారు. పెయింటు మీద తడిమి, ఎక్కడ టచప్ చేశారో కనిపెట్టి, తమ తెలివికి తామే మురిసిపోతారు. నంబరు అంకెలు కూడితే తొమ్మిదొచ్చిందా లేదా అన్నది ఇంటి నుంచి ఫోన్లో అడుగుతారు. ఎంపరివాహన్ యాప్‌లో ఎంతమంది ఓనర్లో, ఫైనాన్సు ఉందో లేదో చూస్తారు. ఇంత పరీక్షలోనూ ఆ ప్లాస్టిక్ మూత రెండు క్లిప్పులో మూడు బోల్టులో విప్పి చూసే పని ఎవరి చేతికీ రాదు. సాయంత్రానికి గుళ్లో వాహన పూజ. టైర్ల కింద నిమ్మకాయలు. ఆ నాలుగు నిమ్మకాయలకి చేసిన తనిఖీలో పావు వంతు బెల్టుకి జరగదు.

కొంచెం చదువుకుని వచ్చిన గిరాకీ కోసం బజారు దగ్గర ఇంకో విద్య ఉంది. "బెల్టు కొత్తదే సార్, చూసుకోండి" అని బానెట్ ఎత్తి, నల్లగా నిగనిగలాడే బెల్టు ఒకటి చూపిస్తారు. మెరుస్తూనే ఉంటుంది. అది ఆల్టర్నేటర్‌నీ ఏసీనీ తిప్పే బయటి బెల్టు, కొన్ని వందల్లో వచ్చే సరుకు. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఏసీ ఆగుతుంది. అసలు బెల్టు లోపల మూత చాటున, కనిపించకుండా ఉంది. కనిపించే బెల్టు కొత్తది, కనిపించనిది కంపెనీది. అబద్ధమాడినట్టూ కాదు.

2005 నుంచి 2016 దాకా అమ్మిన ఇన్నోవా 2.5 డీజిల్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎన్నికల ప్రచారాలూ, తిరుపతి యాత్రలూ, ఎయిర్‌పోర్టు ట్రిప్పులూ ఆ తెల్ల బండి మీదే సాగాయి. దాని బెల్టు సంగతి జనం మరిచిపోతారని తెలిసే కాబోలు, టయోటా వాళ్లు మీటర్ బోర్డులో టీ-బెల్ట్ అని ఒక దీపమే పెట్టారు. నిర్ణీత కిలోమీటర్లు దాటగానే వెలుగుతుంది. దీపం వెలిగితే బెల్టు మార్చాలి, మార్చాక దీపం ఆర్పాలి. మనవాళ్లు రెండో పని బాగా నేర్చుకున్నారు. మీటరు పక్కనున్న బుడిపెని ఒక పద్ధతిలో నొక్కితే దీపం ఆరిపోతుంది. దానికి బెల్టు ఎందుకు, వేలు చాలు. "లైటేదో వచ్చింది సార్, మనోడు తీసేశాడు" అని చెప్పే డ్రైవర్లని పలకరిస్తే వాళ్ల మొహాల్లో ఎంత నిశ్చింతో! తర్వాత వచ్చిన క్రిస్టాకి కంపెనీ చెయినే పెట్టింది.

"తక్కువ తిరిగింది సార్, డాక్టరు గారి బండి" అన్నది ఇంకో మంత్రం. డాక్టరు గారు ఇంటి నుంచి క్లినిక్‌కి, క్లినిక్ నుంచి ఇంటికి తప్ప తిప్పలేదట. ఒప్పుకుందాం, పదేళ్లలో 38 వేలే తిరిగిందని కూడా ఒప్పుకుందాం. మీటరు తిప్పే నిపుణులు ఆ ఊళ్లో లేరనుకుందాం. రబ్బరుకి మాత్రం కిలోమీటర్ల లెక్క ఒక్కటే కాదు, ఏళ్ల లెక్కా ఉంది. అందుకే మాన్యువల్లో ఇన్ని వేల కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది, అని రాస్తారు. కదలకుండా షెడ్డులో ఉన్నా మన ఎండల వేడికి ఆ రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. పక్కనుంచి ఆయిలో కూలెంటో కారితే ఇంకా తొందరగా చెడుతుంది. డాక్టరు గారి హస్తవాసి అక్కడిదాకా పోదు.

ఢిల్లీ బండ్ల వైభవం వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. గడువు దగ్గరపడ్డ బండ్లు ఎన్‌ఓసీ పుచ్చుకుని దక్షిణాదికి దిగాయి. ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాక కొత్త నంబరు వస్తుంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో టీజీ సీరీస్ కాబట్టి, తొమ్మిదేళ్ల డస్టర్ కూడా నిన్న షోరూమ్‌లోంచి దిగినట్టు టీజీ ప్లేటు పెట్టుకుని కాలనీలో ఊరేగుతుంది. ప్లేటు కొత్తది, సీటు కవర్లు కొత్తవి, టెఫ్లాన్ కోటింగ్ కొత్తది. బెల్టు యమునా తీరం నాటిది.

యాక్సిళ్లకీ ఇదే భాగ్యం, కాకపోతే అవి అరుస్తాయి. ముందు చక్రాలతో నడిచే కార్లలో యాక్సిల్‌కి రెండు కొసలా సీవీ జాయింట్లు, వాటి మీద ముడతలు ముడతలుగా రబ్బరు బూట్లు, లోపల గ్రీజు. బూటు చిరిగితే గ్రీజు చిమ్మి చక్రం లోపలి వైపంతా నల్లగా అంటుకుంటుంది, లోపలికి దుమ్మూ నీళ్లూ చేరతాయి. చిరిగిన వెంటనే పట్టుకుంటే బూటూ గ్రీజూ మార్చి ఊరుకోవచ్చు. వదిలేస్తే జాయింటు పోతుంది, అప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టక టక టకమని వినిపిస్తుంది. లోపలి జాయింటు అరిగితే ఎక్సలేటర్ తొక్కినప్పుడు బండి వణుకుతుంది.

టెస్ట్ డ్రైవ్ అనే ప్రక్రియ అంతా ఈ టకటక వినపడకుండా ఏర్పాటైనదేమోనని నా అనుమానం. అద్దాలు బిగించి ఉంటాయి, ఏసీ నాలుగో నంబరు మీద, పాటలు ఫుల్ వాల్యూమ్‌లో. బ్రోకరు పక్క సీట్లో కూర్చుని నోరు ఆపడు. "నేరుగా పోనివ్వండి సార్, పికప్ చూడండి" అంటాడు. నేరుగా పోయినంతసేపూ ఎలాంటి జాయింటైనా బంగారమే. మీరు ఖాళీ స్థలం చూసి, అద్దాలు దించి, పాటలు ఆపి, స్టీరింగ్ ఆ కొసకి తిప్పి నెమ్మదిగా ఒక చుట్టూ, ఈ కొసకి తిప్పి ఒక చుట్టూ తిప్పారనుకోండి, వాహనం కన్నా ముందు ఆయన మొహం వణుకుతుంది. వంగి చక్రం వెనకాల చూడబోతే, "అండర్ బాడీ వాష్ నిన్ననే చేయించాం సార్, నీటుగా ఉంటుంది" అంటాడు. ఎందుకు చేయించాడో ఇప్పుడు మీకు తెలిసింది.

దీనంతటికీ మూలమైన సిద్ధాంతం ఒకటుంది: "నడిచే బండిని కెలకొద్దు." ఇది చెప్పేవాళ్లలో కొందరు మెకానిక్కులే కావడం విశేషం. బెల్టు మార్చడమంటే వేలల్లో పని, గుర్తులు సరిగ్గా కలపాలి, కలిపాక స్టార్ట్ చేయకుండా క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ సరిచూడాలి. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని అది. హెడ్ దించే పనైతే లక్ష దగ్గరికి పోయే బిల్లు. ఏది కెలకొద్దంటున్నారో, ఏ పని కోసం ఎదురు చూస్తున్నారో నేను చెప్పను. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని కళ్లు మూసుకుని చేసే మేస్త్రీలున్నారు. వాళ్లలో మంచివాళ్లు బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్, బెల్టుతో తిరిగేదైతే వాటర్ పంపు కూడా మార్చాల్సిందేనంటారు. అక్కడ మొదలవుతుంది మన పొదుపు. "బెల్టు ఒక్కటే వెయ్యి బాబూ, బేరింగులు బాగానే తిరుగుతున్నాయిగా." పాత బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టు కూడా అంతే ఠంచనుగా తెగుతుందని ఆ మేస్త్రీ చెప్పీ చెప్పీ అలిసిపోయి, చివరికి మీరు చెప్పినట్టే వేసి పంపిస్తాడు.

ఇన్సూరెన్స్ ఉందిగా అని ధీమా పడేవాళ్లు పాలసీ కాగితం ఒక్కసారి చదవాలి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మా పూచీ కాదని అందులోనే రాసి ఉంటుంది. అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఇంజన్ కవర్ ముఖ్యంగా వరద నీళ్లు దూరినప్పుడూ, ఆయిల్ కారిపోయినప్పుడూ పనికొచ్చేది. తొమ్మిదేళ్ల రబ్బరు తనంతట తాను తెగితే సర్వేయరు కూడా సానుభూతి మాత్రమే ఇవ్వగలడు.

మూత తీసి చూస్తే చాలా అని అడిగితే, చాలదు. పగుళ్లు, ఊడిన పళ్లు, అంచున పీచు, ఆయిల్ తడి కనిపిస్తే ఆ బెల్టు పని అయిపోయినట్టే. ఏమీ కనిపించకపోతే బాగున్నట్టు మాత్రం కాదు, ఈ కాలం బెల్టులు పైకి నదురుగా ఉండి కూడా తెగుతాయి. కావలసింది కాగితం. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ కిట్టు వేశారో రాసిన బిల్లు. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. కిట్టు ఖరీదూ కూలీ కలిపి, యాక్సిల్ టకటకమంటే దాని ఖర్చూ కలిపి, ఆయన చెప్పిన ధరలోంచి తీసేసి మీ ధర చెప్పండి. బ్రోకరు కాసేపు మౌనం పాటిస్తాడు. సెల్‌ఫోన్ తీసి, ఎవరితోనో మాట్లాడినట్టు మాట్లాడి, పెట్టేస్తాడు.

"ఇంకో పార్టీ రెడీగా ఉన్నాడు సార్. బెల్టూ గిల్టూ ఏమీ అడగట్లేదు, టోకెన్ ఇస్తానంటున్నాడు."

ఇచ్చేయమనండి. ఆ పార్టీది ఏ ఊరో కనుక్కుని, ఆ దారిలో టోయింగ్ బండి వాళ్ల నంబరు కూడా ఆయనకే ఇచ్చి రండి.